అడుగు

పలాసలో తొలి బస్సెక్కాం నలుగురం.
జీడి బట్టీకి రెండ్రోజులు నాగా.
ఏడాదిన్నర చీటీ డబ్బు
తవిటమ్మ జాకెట్లో చెమటకి తడుస్తోంది.
"ఏటి మీద తిరగాల, ఏటి మీదే తొంగోవాల"
అంతకుమించి మేమేమీ అనుకోలేదు.
పడవల్లో ఇన్ని రకాలుంటాయని
ఎవరు చెప్పారు మాకు?

కళింగపట్నంలో
సముద్రంలోకి దిగబోయి వంశధార
కాస్త వెనకాడే చోట
వరసగా కట్టేసి ఉన్నాయి.

మాకొచ్చిన పని ఒకటే, ఏరడం.
గుండు ఒక పళ్లెంలోకి, బద్ద ఇంకో పళ్లెంలోకి,
ముక్క గోనెలోకి.
కళ్లు మూసుకున్నా వేళ్లు చెప్పేస్తాయి.
అలాగే
ఏరు ముందు నిలబడి ఏరడం మొదలెట్టాం.

మొదటిది రెండంతస్తుల లాంచీ.
అద్దాల గది, ఏసీ, తెల్ల దుప్పటి,
మరుగుదొడ్డి తలుపు మీద గులాబీ బొమ్మ.
సుగుణ ఆ తలుపు మూడుసార్లు తీసింది, మూడుసార్లు వేసింది.
"నాకిదే సాలు.
రెండ్రోజులూ ఇందల్నే కూకుంటాను,
ఏరు మీరు సూసుకోండి."
మేం నవ్వాం. తను నవ్వలేదు.
బట్టీలో వందమందికి ఒకటే దొడ్డి,
దానికి గొళ్లెం లేదు.

రెండోది ఎర్ర ఫైబరు బోటు,
ముక్కు పైకెత్తుకుని నిలబడింది.
కుర్రాడు తాళం వేలికి గిర్రున తిప్పుతూ
"పావుగంటలో రెండు రౌండ్లు" అన్నాడు.
పావుగంట!
పద్దెనిమిది నెలలు పొదిగింది పావుగంటకా?
ఆసిరి మాత్రం అప్పటికే ఎక్కి కూర్చుంది.
పంతొమ్మిదేళ్లు దానికి,
జుట్టు ఎగరాలంతే.

చివర్న తారు పూసిన చెక్క పడవ.
పైన తాటాకు కప్పు, లోపల ఎండుచేపల వాసన.
మైలపల్లి పోలయ్య రేటు చెప్పలేదు.
గడకర్ర నీళ్లలో గుచ్చి పైకి తీసి
తడి ఎందాకా ఉందో చూపించాడు.
మోకాలు దాటలేదు.

"మాగమాసం తల్లీ,
పోటు నీరు ఇక్కడిదాకానే. పైనంతా ఇసకే.
ఆ లాంచీకి నిలువెడు నీరుండాల,
రేవులోనే ఉంటాది, పాటలెట్టుకుని.
ఎర్రదాని పంకా ఇసకలో దిగబడిపోద్ది.
పడవకి సూడాల్సింది పైకప్పు కాదు, అడుగు.
ముందు ఏటినడుగు,
మరింక నన్నడుగు."

పడవ అడుగు చూశాం వంగి.
పళ్లెంలా చదునుగా ఉంది.
తవిటమ్మ బేరం ఆడింది, రెండొందలు తగ్గించింది,
దానికే గంట పట్టింది.

"మరి... ఆడోళ్లకి?" అంది సుగుణ నేల చూస్తూ.
పోలయ్య కూడా నేలే చూశాడు.
"ఇసక తిప్పలున్నాయి, రెల్లు గుబుర్లున్నాయి.
నాను అటేపు తిరిగి బీడీ కాల్సుకుంటాను."
సుగుణ చాలాసేపు ఆలోచించింది.
మళ్లీ లాంచీ ఎక్కి
గులాబీ తలుపు నాలుగోసారి వేసుకుని
తీరిగ్గా వచ్చి పడవలో కూర్చుంది.

శాలిహుండం కొండ కనబడ్డంతలో
కింద గరగరమంది. ఆగిపోయాం.
అతను దిగమనలేదు. మేమే దిగాం,
చీరలు ఎగ్గట్టి, భుజాలు ఆనించి తోశాం.
ఆసిరి జారి పడి పీకల్దాకా మునిగి
లేవనంటే లేవనంది.
జీడి సొనకి నల్లబడి
పొరలూడిన మా వేళ్లు నీళ్లలో కనబడ్డాయి.
ఎనిమిది చేతులు.
అవి తడిస్తే మండుతాయి ఎప్పుడూ.
ఆరోజు మండాయో లేదో
ఎవరికీ గుర్తులేదు.

రాత్రి తిప్పకి కట్టేసిన పడవలో
ఒకరి కాళ్ల మీద ఒకరం.
చేతులు ఊరుకోక తవిటమ్మ
ఆకాశం కూడా ఏరింది.
"అష్టమి సెందురుడు బద్దే ఒలే,
సేటు గుండులో కలపనివ్వడు."
ఎక్కడో కింద, రేవులో
లాంచీ పాటలు ఇంకా అక్కడే ఉన్నాయి.

తెల్లారి కళ్లు తెరిస్తే సుగుణ లేదు.
పోలయ్య అటు తిరిగి బీడీ కాలుస్తున్నాడు.
రెల్లు గుబుర్ల వెనక నుంచి
మంచులోంచి ఒక కేక:
"ఒలే తవిటీ!
ఇంత సోటుందేటే!"