బెండు

రాత్రి రెండుంబావు, బొమ్మనహళ్లి.
పీజీ మూడో అంతస్తులో
పక్క మంచం మీద గుణశేఖర్ గురక.
నా ఒళ్లో లాప్‌టాప్,
లాప్‌టాప్‌లో ఒక చెరువు,
చెరువు మీద ఒక ఎర్ర బెండు.

గాలం వేస్తాను.
బెండు తేలుతుంది.
పదకొండు సెకన్లు కావచ్చు, ఇరవై తొమ్మిది కావచ్చు,
ఎప్పుడో ఒకసారి బుడుంగుమంటుంది.
అప్పుడు నొక్కాలి.
నొక్కితే చేప. లేదా నాచు. లేదా ఒంటి బూటు.
ఇంతవరకు నలభై బూట్లు పట్టాను,
ఏ రెండూ జత కాలేదు.

శనివారం మంచుకొండ రాక్షసుడితో యుద్ధం.
ఇరవై ఐదు మందికి తలా రెండు గిన్నెల చేపల పులుసు,
గిన్నెకు నాలుగు చేపలు.
"కొత్తవాడివి కదా, చేపలు నువ్వు చూసుకో"
అన్నాడు మా దళపతి పులిగోరు.
పగలు జయనగర్‌లో పళ్ల డాక్టరు.
కత్తి తిప్పేవాళ్లకి, నిప్పు కురిపించేవాళ్లకి
బిరుదులుంటాయి.
పులుసు ఎవరు పెట్టారని
ఏ యుద్ధంలో ఎవరడిగారు?

వేస్తాను. తేలుతుంది.
ఇది కొంగ జపం కూడా కాదు,
కొంగకి ఆకలైనా ఉంటుంది.
ఈ పులుసుకి వాసన లేదు, చింతపండు లేదు,
తిన్నవాడి బలం నలభై పాయింట్లు పెరుగుతుంది,
అదీ అరగంట.

ఒక మునకకీ ఇంకో మునకకీ మధ్య
గోళ్లు తీసుకున్నాను.
ఓనరు నంజుండప్ప గోడకి అంటించిన
"బకెట్ నిండాక కుళాయి కట్టేయండి" కాగితాన్ని
మూడు భాషల్లో చదివాను.
తమిళం రాదు, అయినా చదివాను.
అంతా ఓరకంటితోనే.
చూపు తిప్పితే చేప పోతుంది.

నవ్వొచ్చే సంగతొకటి:
పగలు నా ఉద్యోగం
మనుషులు నొక్కే మీటల్ని
మనుషులు నొక్కక్కర్లేకుండా చేయడం.
పదిమంది రోజంతా చేసే పనిని
పదిహేను లైన్లలో ఇమిడ్చి ఇచ్చాను పోయిన నెల.
ఆ పదిమందిలో కస్తూరి గారు వెళ్తూ వెళ్తూ
తన కుర్చీలోని దిండు నాకిచ్చి పోయింది,
నడుం నొప్పి అన్నావు కదా, అని.
ఇప్పుడు నా వీపు వెనక ఉన్నది అదే.

ఈ చేపలకీ పదిహేను లైన్లు చాలు.
రాయలేదు.
పట్టుబడితే ఆటలోంచి వెళ్లగొడతారని
అనుకుంటాను గానీ,
అది కాదు.

ఎదుటి గట్టు మీద ఒకరు.
పసుపు టోపీ, వెదురు గాలం,
పేరులో ఏవో అంకెలు.
మూడు వారాలుగా అదే రాయి మీద.
ఒక్కసారీ పలకరించుకోలేదు.
చేపలు పట్టేచోట మాట్లాడకూడదని
మాకెవరు చెప్పారో.

రెండు నలభై ఒకటికి కరెంటు పోయింది.
ఫ్యాను నెమ్మదించింది,
వైఫై పెట్టె కన్ను మూసింది,
తెర మీద చెరువు బిగుసుకుపోయింది,
లేవబోతున్న అల లేవబోతున్నట్టే.
కింద కుక్క ఒకటి మొరిగి
ఎందుకు మొరిగిందో మరిచిపోయినట్టు ఆగింది.
గుణశేఖర్ సగం లేచి "వచ్చిందా?" అన్నాడు.
చేపనో కరెంటునో తెలీదు.
"లేదు" అన్నాను. రెండింటికీ సరిపోయింది.

రెండు యాభై ఎనిమిదికి వచ్చింది.
మళ్లీ గట్టు మీద పుట్టాను.
ఎదుటి రాయి ఖాళీ.
మూడు వారాల్లో మొదటిసారి.
నేను గాలం విప్పేలోపు
రాయి మీద పసుపు టోపీ మొలిచింది.

టైపు చేశాను: "మీకూ పోయిందా?"
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత,
"పోయింది. బేకరీ పక్క ట్రాన్స్‌ఫార్మర్."

ఏ బేకరీ అని అడగలేదు.
ఈ ఊళ్లో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనా
ఒక బేకరీ ఉంటుంది.
కిటికీ తెర జరిపి చూశాను.
ఎదురు మేడ మీద ఎవరివో లుంగీలు, నీళ్ల ట్యాంకు,
నాలుగు కిటికీల్లో నీలం వెలుగు.
నాలుగూ.

వెనక్కి తిరిగేసరికి
బెండు మునిగి, మళ్లీ తేలి,
ఏమీ జరగనట్టు ఊగుతోంది.

నూట అరవై మూడు.
వేస్తాను.