ఓర్వియం, పదకొండు కిలోలు

బిల్లు పుస్తకంలో ‘సరుకు’ అన్న గడి దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.
ఏం రాయమంటారు? అంటే
సీరియల్ కంపెనీ కుర్రాడు సిగ్గుపడుతూ చెప్పాడు:
ఓర్వియం.
ఏదో గ్రహం నుంచి ఊడిపడ్డ లోహమట.
తుప్పు పట్టదు. ఈకంత తేలిక.
సొట్టపడితే తెల్లారేసరికి
తనంతట తనే మానిపోతుంది.

బాజీ మేస్త్రి బీడీ నలిపేసి నవ్వాడు:
“అట్లాంటిది నిజంగా వచ్చి పడిందనుకో బాబూ,
ఆటోనగర్ మొత్తం పస్తే.”

మూడు రోజులు పట్టింది.
గన్నవరం దగ్గర బోల్తాపడ్డ బస్సు తాలూకు అల్యూమినియం రేకు,
లోపల ఇనప చట్రం,
మే నెల ఎండకి షెడ్డు కప్పు టపటపమంటుంటే
ఇమ్మానియేలు ఆర్గాన్ వెల్డింగు,
నాలుగొందల నంబరు ఎమరీ, తర్వాత వెయ్యి,
ఆ తర్వాత నీళ్లలో ముంచి రెండువేలు.
బఫింగు చక్రం కింద నల్లటి మడ్డి కారీ కారీ
మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి
అందులో మా మొహాలు కనిపించాయి.
ఒక మూల మాత్రం
బాజీ బొటనవేలంత సొట్ట.
తీసేద్దామనుకునేలోగా కరెంటు పోయింది.
“ఉండనీలే, ఆ గ్రహంలో మాత్రం రాళ్లు తగలవా?”

కాటా మీద పదకొండు కిలోల రెండొందలు.
నేను రాసింది: రేకు పని, ఒకటి.

శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర.
టీ కొట్టు టీవీ కింద గ్రీజు చేతులతో మేమందరం.
హీరో దాన్ని ఒంటివేలి మీద తిప్పాడు.
ట్రాలీలోకి ఎత్తిన ఇమ్మానియేలు
నడుం పట్టుకుని “అబద్ధం!” అని అరిచాడు.
రాణి కళ్లనీళ్లు పెట్టుకుంది, సైన్యం మోకరిల్లింది,
అప్పుడు కెమెరా మెల్లగా
ఆ మూలకొచ్చింది.
బాజీ లేచి నిలబడ్డాడు.
మళ్లీ కూర్చున్నాడు.
టీ చల్లారిపోయింది.

తెల్లారేసరికి మానాల్సిన సొట్ట
పదమూడు వారాలు మానలేదు.
కథలో ఒక్కరూ అడగలేదు.
మేం ప్రతి వారం దాని కోసమే చూసేవాళ్లం,
ఆ యుద్ధం ఎవరు గెలుస్తున్నారో
నాకు ఇప్పటికీ తెలీదు.
చెప్పాపెట్టకుండా ఆపేశారు,
ఓర్వియం తేవడానికి వెళ్లిన ఓడ
ఇంకా దారిలో ఉండగానే.

రెండేళ్లకు పాతసామాన్ల బండి మీద
ఫ్యాను రెక్కలకీ చితికిన గీజరుకీ మధ్య
మసిబట్టి వచ్చింది.
కిలో తొంభై అన్నాడు, ఎనభైకి తెగింది.
కాటా మీద సరిగ్గా పదకొండు.
ఆ రెండొందల గ్రాములూ
ఏ ఆకాశంలో అరిగాయో.
శుక్లాలు ముదిరిన బాజీ
అంచు వెంట తడుముకుంటూ పోయి
మూల దగ్గర వేలు ఆపి,
“మానలేదేంటే ఇది,” అన్నాడు,
ఇంటికొచ్చిన మనిషిని అడిగినట్టు.

ఎత్తు చాలనప్పుడు జాకీ కింద పెడుతున్నాం.
కొత్త సొట్టలు పడ్డాయి, నాలుగో అయిదో.
తెల్లారాక కూడా ఎక్కడివక్కడే.

మార్చిలో ఆడిటరు కొనుగోలు పుస్తకం తిరగేస్తూ
ఒక మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి
“ఇదేంటమ్మా?” అన్నాడు.
షెడ్డు వైపు చెయ్యి చూపించాను.
అక్కడ ఒక ఆటో
ముందు చక్రం గాల్లో పెట్టుకుని
కదలకుండా నిలబడి ఉంది.