నాలుగు సెకన్ల ఖాళీ

సాలిగ్రామంలో, కింద టైలరు, పైన స్టూడియో.
గుడ్ల అట్టలు అతికించిన గోడల మధ్య
నేను ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి.
బయట నాకు నలభై తొమ్మిది,
మోకాలికి కట్టు, సంచిలో బీపీ మాత్రలు.
లోపల కడుపు బిగబట్టి, కాస్త ముక్కుతో మాట్లాడితే చాలు,
ఏ దేశపు పిల్లాడైనా నాలోంచి
తెలుగులో పరిగెత్తుకొస్తాడు.

ఈసారి జపాను బొమ్మల సినిమా.
మాకు కథ చెప్పరు. ముక్కలు చూపిస్తారు,
ముక్కల లెక్కన డబ్బులిస్తారు.
ఒక దీవి. పడవ రేవు. కొండ మీద ఇల్లు.
నారింజపండు వలిచి సగం తిని
మిగతా సగం కిటికీ గట్టు మీద పెట్టే పిల్లాడు.
పొద్దున్నే బూట్లు తొడుక్కుని, సంచి తగిలించుకుని,
గుమ్మంలోంచి లోపలికి తిరిగి ఒక మాట అంటాడు.

కాగితం మీద "వెళ్తున్నాను" అని ఉంది.
పెన్నుతో కొట్టేశాను.
గడప దగ్గర ఆ మాట అంటే
వెంకటగిరిలో మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది.
మళ్ళీ లోపలికి లాగి, మంచినీళ్ళు తాగించి,
సరైన మాట అనిపించాకే పంపేది.
"వెళ్ళొస్తాను" అన్నాను మైకులో.

అద్దం అవతల ఇన్బరాజు వేలు ఊపాడు.
"అక్కా, చివర్న వాడి పెదాలు మూసుకుంటున్నాయి.
ఏదైనా ఒక 'మ' పెట్టు."
అంత చిన్న సందులో పట్టే 'మ'
ఎవరికైనా ఇంకేముంటుంది?
"వెళ్ళొస్తానమ్మా."
అతుకు కనపడలేదు. ఓకే అన్నాడు.

ఆరు పొద్దులు చెప్పాను అదే గుమ్మంలో.
వానలో ఒకసారి, జలుబు గొంతుతో ఒకసారి,
పడవ కూత వినపడి హడావుడిగా ఒకసారి.
ఏడోదానికి ముందు వేణ్ణీళ్ళు తాగుతూ అడిగాను:
"వాళ్ళమ్మకి ఎవరు చెప్తున్నారు? పద్మలతేనా?"
ఇన్బరాజు కాగితాలు తిరగేశాడు.
"అమ్మ లేదక్కా ఈ సినిమాలో.
ఆ ఇంట్లో ఎవరూ లేరు. మొదట్నించీ లేరు.
జవాబు దగ్గర నాలుగు సెకన్లు ఖాళీ."

అప్పుడు చూశాను ఆ ఖాళీని.
చాప మీద ఎండ. బోర్లించిన ఒక్క గిన్నె.
కిటికీ తెర అంచు కొద్దిగా లేచి, పడింది.
ఆ అంచు కోసమే ఎవరో
వంద కాగితాలు గీసి ఉంటారు.

మా ఆయనకి అంబత్తూరులో లేత్ పని.
ఆరుంబావుకి క్యారియరు మూత బిగించిన చప్పుడు,
చెప్పుల చప్పుడు, "వెళ్ళొస్తానే."
చెవుల్లో తీగెలు పెట్టుకుని నేను
ఎవరివో పెదాల కదలికలు వేళ్ళ మీద లెక్కేస్తూ ఉండేదాన్ని.
వందమందికి నోరిచ్చినదాన్ని.
ఆయన గడపలో కాసేపు ఆగేవాడు.
ఎంతసేపో ఆ స్టూడియోలో తెలిసింది నాకు.
చివరి రోజు ఏ రోజో చెప్పను.
అది కూడా ఒక పొద్దే, ఆరుంబావే.

"ఆ అమ్మని తీసేద్దామా అక్కా?
వేరే 'మ' ఏదైనా చూద్దాం."
వద్దన్నాను.
పెదాలు అతకాలని నేనే పెట్టానామెని ఆ ఇంట్లో.
పెట్టి, పనైపోయిందని వెళ్ళగొట్టడం ఏం మర్యాద?

పదకొండేళ్ళయింది.
ఆ సినిమా నేను మొదట్నించీ చివరిదాకా చూడలేదు.
నారింజలో సగం ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలీదు.
పిట్టలు తిని ఉంటాయని ఇన్బరాజు అంటాడు.
వాడూ చూడలేదు.

తాళం వేసే ముందు ఇంటిలోపలికి తిరిగి
ఆ మాట అంటాను, నా సొంత గొంతుతో.
నాలుగు దాకా లెక్కపెడతాను.
ముగ్గుపిండి డబ్బాతో మెట్లు దిగుతూ పేచ్చియమ్మ
తనతోనే అన్నాననుకుని
"పోయిట్టు వా" అంటుంది.
కొన్నిసార్లు
మూడు కాకముందే అనేస్తుంది.