ఓనర్ ఎట్లాంటోడు

కొత్తవాడల రాత్రి రెండు గంటలు.
సాంచెలు కూడా పండుకున్నయి.
నేను ఫోన్ పట్టుకొని కూసున్న,
ఎవరు ఎత్తుతరో చూద్దామని.

దుకాణానికి షట్టర్ వెతికిన నాడు ఇంత కష్టం లేకుండె.
పోచమ్మ మైదాన్ దాంక నడిచినం,
గోడ మీద చెయ్యేసి చెమ్మ చూసినం,
పక్కన చాయ్ కొట్టాయన్ని అడిగినం:
ఓనర్ ఎట్లాంటోడు,
వానకు నీళ్లు ఏ మెట్టు దాంక వస్తయి.
ఈ దుకాణానికి గోడ లేదు.
"సర్వర్ యాడుంటది?" అంటే
మా ఆడబిడ్డ కూతురు రుచిత
సీలింగ్ ఫ్యాన్ దిక్కు చూపెట్టింది.

ఇది మొదటిసారి కాదు.
మొదటి సైటు చేసినోడు హన్మకొండ చౌరస్తాల
మెట్ల కింద రూంల ఉండె.
పేరు మా మామది, ఆడెపు సాంబయ్య షతరంజీలు.
పట్టా మాత్రం వాని మెయిల్ మీద.
ఒక ఎండాకాలం వాడు రూం ఖాళీ చేసిండు.
ఇప్పుడు మామ పేరు కొడితే
ఎవరో బూట్లు అమ్ముతున్నరు.
మామకు కోపం రాలే.
"మంచి తోలేనా?" అని అడిగిండు.

అందుకే ఈసారి పేరు నేనే కొన్న,
నా ఆధార్ల ఉన్న స్పెల్లింగు తోటి.
ఇల్లు ఎవరిదన్న కానీ
ఇంటిపేరు మనదుండాలె.

రుచిత నోట్‌బుక్కుల నాలుగు కంపెనీలు రాసింది.
ఒకటి నెలకు తొంభై తొమ్మిది.
ఇరవై ఏండ్ల సంది నూలు కొంటున్న,
మొదటి బేలు అగ్గువకిచ్చేటోని నవ్వు నాకెరుకే.
కింద చీమ తలకాయంత అక్షరాలు:
రెండో ఏడు నుంచి అయిదొందల నలభై.
ఇంకొకడు అన్‌లిమిటెడ్ అన్నడు.
ఆ మాట ఏ నేతగాడూ అనడు.
పడుగు ఎంత పొడుగు పోసినా
దానికో కొస ఉంటది.

తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం నడుస్తదని
నలుగురూ రాసిన్రు.
మిగిలిన ఆ పాయింట్ ఒకటి ఏందని
కాలిక్యులేటర్ల కొట్టి చూసిన.
ఏడాదికి ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు.
అది పండుగ ముందటి రోజు పోతదా,
ఎవరూ కొనని రాత్రి పోతదా,
అది యాడ రాయలే.
ఆజంజాహి మిల్లు సైరన్ ఒక్కనాడు తప్పలేదంటడు మామ.
దాన్ని వినే ఎసరు పెట్టేటోళ్లట.
తర్వాత మిల్లే పోయింది.

నాకు కావలసింది వేరే.
గుంత మగ్గాలల్ల నీళ్లు నిండిన ఏడు
ట్రంకు పెట్టెల మచ్చు ముక్కలన్నీ నానినయి.
ఎర్ర గళ్లు నీలం తాగినయి.
అప్పటి సంది మామ ప్రతి డిజైను
రెండు ముక్కలు నేస్తడు,
ఒకటి ఇంట్ల, ఒకటి పరకాలల చిన్నత్త దగ్గర.
ఏడాదికోసారి బస్సెక్కి పోయి
మడత విప్పి చూసొస్తడు.
నేను నాలుగు నంబర్లకు చేసి అడగాలనుకున్నది గదే:
దాచిపెడుతరు సరే,
ఎప్పుడన్న విప్పి చూసిన్రా?

మొదటి నంబరు: మీ కాల్ మాకు చాలా ముఖ్యం.
పదకొండు నిమిషాలు ముఖ్యంగనే ఉన్న.
రెండోది ఒకటి నొక్కమన్నది, తొమ్మిది నొక్కమన్నది,
మళ్ల ఒకటి నొక్కమన్నది.
మూడో ఆయన నా మాట అయిపోకముందే
ఉంది మేడం, అన్నీ ఉన్నయి మేడం.
నాలుగో నంబరుల ఆవలింత వినవడ్డది.
వెనక ఫ్యాన్ గరగర.
పేరు ఇంతియాజ్ అన్నడు.
"నాకు తెల్వది మేడం. కనుక్కొని చేస్త."

చెయ్యడనుకున్న.
గ్లాసుల నీళ్లు తాగిన, మళ్ల నింపుకున్న.
రెండు నలభైకి ఫోన్ మోగింది.
"ఆరు నెలల కింద ఒకసారి చూసినం మేడం.
పోయిన నెల చూడాల్సి ఉండె. చూడలే."
ఆ చూడలే కాడ నేను పెన్ను తీసిన.

నెలకు మూడొందల పది. అగ్గువేం కాదు.
రెన్యువల్ తారీఖు
పాల లెక్క రాసే క్యాలెండర్ మీద రాసిన,
పాలోడు కూడా చూసేటట్టు.

పొద్దుగాల మామ పంజా చేతుల పట్టుకొని అడిగిండు,
"దొరికిందా షట్టర్?"
దొరికింది.
"ఓనర్ ఎట్లాంటోడు?"
నిద్రమొఖపోడు మామా.
లేపితే లేస్తడు.