మిరియాల డబ్బా

పదకొండేళ్లుగా శివారులో ఉంటూ
టొలీడో నడిబొడ్డున నేను కాలు పెట్టింది
జ్యూరీకి రమ్మని కౌంటీ ఉత్తరం పంపితేనే.

మెడలో బిళ్ల. ఏడో నంబరు కుర్చీ.
పన్నెండు కొట్టగానే జడ్జిగారు అదే పాఠం అప్పజెప్పేవారు:
కేసు గురించి మీలో మీరు మాట్లాడుకోకండి,
రెండు పక్షాల వాళ్లతో అసలే మాట్లాడకండి,
ఒంటిగంటంపావుకి వచ్చేయండి.

మెట్లు దిగితే నడిచే దూరంలో మూడే మూడు హోటళ్లు.
ఒకటి హాట్‌డాగులది, నాకు పనికిరాదు.
ఒకటి బ్యాంకు మేడ కింద,
ఆకులు తూకం వేసి అమ్ముతారు, బంగారంలాగా.
మూడోది హద్దాద్ గారిది.
కౌంటరుకి తొమ్మిది స్టూళ్లు, వెనక నాలుగు బల్లలు,
గోడమీద ఎవరో గెలిచిన బౌలింగ్ కప్పు,
కిటికీ అద్దం మీద సుద్దతో: ఈరోజు సూపు, పప్పు.

పప్పంటే పప్పే.
ఎర్రపప్పు, జీలకర్ర, పిండిన నిమ్మకాయ.
తాలింపు ఒక్కటే తక్కువ.
ఆపుకోలేక మొదటిరోజే ఆ మాట అనేశాను.
రెండోరోజు కాగిన నూనెలో వెల్లుల్లి వేయించి పైన పోసి తెచ్చి
సాక్షిని ప్రశ్నించే వకీలులా నిలబడ్డాడు,
నేను మొదటి చెంచా మింగేదాకా.

పక్కన లియొనార్డ్, నాలుగో నంబరు.
ముప్ఫై ఆరేళ్లు గాజు ఫ్యాక్టరీలో తనిఖీ.
మంచినీళ్ల గ్లాసు తాగేముందు వెలుతురుకి ఎత్తి
ఒక చుట్టు తిప్పి చూస్తాడు.
"బుడగుంది. అయినా నేనైతే పంపించేసేవాణ్ణి" అంటాడు.
కేసు మాట్లాడకూడదు గనక
గాజు గురించి, మోకాళ్ల గురించి,
భార్య పోయాక ఆయన నేర్చుకున్న
ఒకే ఒక్క వంట గురించి మాట్లాడుకున్నాం.
గుడ్లు.

మూడోరోజు వాన. ఎక్కడా చోటు లేదు.
డార్లీన్ గుడ్డతో తుడిచి చూపించిన స్టూలు మీద
ముద్దాయి తల్లి వచ్చి కూర్చుంది.
నాకు ఎడమపక్క, మోచేతి దూరంలో.
పొద్దున కోర్టులో వెనక వరసలో కనబడిన అదే ఊదారంగు కోటు,
భుజాలు తడిసి.
సూపు తెప్పించుకుంది. చెంచా ముంచింది. తియ్యలేదు.

కంచం ముందు కూర్చున్న మనిషిని
పగవాడైనా పలకరించాలంటారు మావాళ్లు.
ఎంగిలి పడ్డారా అనో,
ఇంకొంచెం వేసుకోండి అనో,
కనీసం ఉప్పు సరిపోయిందా అనో.
నా నోట్లో ఆ మాటలు
చల్లారని బంగాళదుంప ముక్కలా అటూ ఇటూ దొర్లాయి.

నావైపు చూడకుండానే ఆమె చెయ్యి చాపింది.
మిరియాల డబ్బా నా ముందుంది.
జరిపాను.
లియొనార్డ్ చూసి, గ్లాసులోకి తల దించేశాడు.
చల్లుకుంది, మళ్లీ చల్లుకుంది, సూపు నల్లబడేదాకా.
అప్పుడు తింది, గిన్నె ఖాళీ అయ్యేదాకా.
కంటినీళ్లకి మిరియాలు సాకు.

తిరిగెళ్లాక బెయిలిఫ్‌తో చెప్పాను, డబ్బా జరిపానని.
రాసుకున్నాడు.
ఏమైనా మాట్లాడారా?
లేదు.
అయితే పర్వాలేదు.

తీర్పు ఏమిటో ఇక్కడ చెప్పను.
పన్నెండుమందిమీ ఒప్పుకున్నాం, అంతే.
శుక్రవారం సాయంత్రం బిళ్లలు వెనక్కి తీసుకుని
ఇక ఎవరితోనైనా ఏదైనా మాట్లాడుకోవచ్చన్నారు జడ్జిగారు.

మర్నాడు మళ్లీ వెళ్లాను.
శనివారం మీటరుకి డబ్బులక్కర్లేదట, చిల్లర వేశాక తెలిసింది.
హద్దాద్ గారి తలుపు లాగితే రాలేదు.
కోర్టు లేని రోజున ఆ వీధికి ఆకలి ఉండదు.
కుర్చీలు బల్లలమీద కాళ్లు పైకెత్తుకుని ఉన్నాయి.
అద్దం మీద నిన్నటి సూపు.
చేతులు అడ్డుపెట్టి లోపలికి చూస్తూ
ఎంగిలి పడ్డారా, అన్నాను,
తొమ్మిది ఖాళీ స్టూళ్లతో.

అద్దానికి నా ఊపిరి మచ్చ పట్టింది.
లియొనార్డ్ అయితే పంపించేసేవాడేమో.