మింగదు, కక్కదు

ఔలులో మైనస్ ఇరవై మూడు.
మంచు మీద తోసే బండిలో, ఉన్ని దుప్పటి చుట్టి
వీసీఆర్‌ని తెచ్చాడు తౌనో,
జబ్బుచేసిన దూడని తెచ్చినట్టు.

"క్యాసెట్ పట్టేసి ముప్పయ్యేళ్ళు. మింగదు, కక్కదు."
ఇక్కడివాళ్ళకి అదే పెద్ద ఉపన్యాసం.

మూత విప్పాను.
పళ్ళచక్రంలో ఇరుక్కుని పదిపెన్నీల నాణెం.
బెల్టు ఉండాల్సిన చోట
నల్లటి జిగురు. స్పిరిట్‌లో ముంచిన దూదికి
అది వదిలింది, నా వేళ్ళకి వదల్లేదు.
కొత్త బెల్టు దొరకదు.
వంటింట్లో సోయకూర కట్టకున్న రబ్బరుబ్యాండు
తెచ్చి తగిలించాను.

మోటారు మూలిగింది.
టీవీ నిండా ముందు మంచే, బయటి మంచు చాలనట్టు.
ట్రాకింగ్ తిప్పగా తిప్పగా
గీతల వెనక ఎవరో
చేపకి పొలుసు తీస్తున్నాడు.

తౌనో ముందుకి వంగాడు.
రికార్డవ్వాల్సింది చెల్లెలు ఐరి స్కీ పందెం.
"టైమరు... నేనే పెట్టాను,"
అన్నాడు, చాలాసేపటికి.
ఇన్నేళ్ళూ తిట్లు తిన్నది ఈ పెట్టె.

చేప ఉడికేదాకా చూశాం ఇద్దరం.
ఎజెక్ట్ నొక్కితే
బుద్ధిగా బయటికొచ్చింది క్యాసెట్.
ఐరికి ఏం చెప్తావని నేనడగలేదు.

గడియారం ఇంకా సున్నాలు మిటకరిస్తోంది.
దాన్ని బాగుచెయ్యమని
అతనూ అడగలేదు.