ధర రాయని చీటీ

పొద్దంతా ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాలు తూకమేస్తా.
కాంటా ముల్లు నా మాట వినది, రైతు మాట వినది,
తేమ మాట వింటది.
శనివారం రాత్రి మాత్రం
కాంటా నేనే, ముల్లూ నేనే.

హంటర్ రోడ్డుల మందుల దుకాణం మీద గది.
మడత మంచం మీద ప్లైవుడ్ చెక్క,
చెక్క మీద గళ్ల కాగితం,
కాగితం మీద నేను గీసిన గుహ.
ఇరవై ముఖాల పాచిక ఒక్కటే, నలుగురికి.
పోయిన వారం దాంతోనే
గుహల పండుకున్న రాతి పామును చంపిన్రు.
చంపినంక అందరూ నా దిక్కు చూసిన్రు,
పొద్దుగూకినంక మేస్త్రీ దిక్కు చూసినట్టు.

ఏమియ్యాలె?

ఒకసారి తప్పు చేసిన.
కాజీపేట లోకోషెడ్డుల గ్రీజు చేతుల మొగిలికి
దేన్నైనా తెగ్గొట్టే కత్తి ఇచ్చిన.
వారమంతా ఎవరి మీదా గొంతు లేపనోడు,
సంబురపడతడని.
రాక్షసుడు తెగిండు, కోట గోడ తెగింది,
రెండు నెలలు నేనల్లిన కుట్ర గూడ తెగింది.
ఓదెలు ఫోన్ చూసుకుంట కూసున్నడు.
యాకూబ్ చాయ్‌కని పోయి
చాయ్ తాగినంక గూడ రాకపాయె.
కత్తి గెలుసుకుంట పోయింది,
ఆట సచ్చింది.

అప్పటిసంది నా చీటీల మీద
మహిమ రాసిన ప్రతి చోట
కింద ఇంకో గడి: ధర.

ఓదెలుకు, గ్రూప్స్ మూడోసారి రాస్తున్నోనికి,
ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే ఇత్తడి చిలుక.
ధర: చెప్పిన ప్రతి జవాబుకూ
తెలిసినదొకటి మర్చిపోవాలె.
చదివి నవ్విండు వాడు, చాలాసేపు.
"ఇది నా దగ్గర ముందునుంచే ఉన్నదన్నా."

యాకూబ్ తాత కొత్తవాడల మగ్గం మీద కూసున్నోడు.
యాకూబ్‌కు జంపఖానా.
"ఎగురుతదా?"
ఎగురది. పరిస్తే ఎంతమందికైనా జాగ సరిపోతది.
శత్రువు కూసున్నా, లేచేదాక కత్తి దూయడు.
ధర: పరిచినోనికి అంచే దొరుకుతది.

మొగిలికి ఈసారి ఒర.
ఏ కత్తినైనా చల్లార్చే ఒర.
తల గోక్కున్నడు. మంచిదే,
అర్థమయ్యేటందుకు ఇంకో మూడు శనివారాలు కావాలె.

ఇగ స్వరూప.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ నర్సు,
మా గుహల గాయాలు కట్టేదీ ఆమెనే.
వారమంతా తూకమేసి
అన్నిట్లకు పెద్దది ఆమెకే రాసిన:
సచ్చినోళ్లను లేపే భరిణె. ఒక్కసారే.

"ఒక్కసారేనా?"
"రెండైతే ఆట చెడ్తది."
"అంటే ఎవర్ని లేపాల్నో నేనే ఎంచాలె."
ఫ్యాను తప్ప ఎవ్వరూ మాట్లాడలే.
"మొన్న రాత్రి రెండు స్ట్రెచర్లు, ఒక్క బెడ్డు.
గీడ గూడనా, ఐలన్నా?"

చీటీ నా దిక్కు జరిపింది.
కాగితమే గని
బస్తా జరిగినట్టు జరిగింది.

"మరేం గావాలె?"
"తలుపు."
"ఎక్కడికి పోయే తలుపు?"
"ఎక్కడికీ గాదు. నా ఎన్కాల మూసుకునేది.
ఒక్క జాము ఎవ్వరూ పిలువొద్దు,
సెలైన్ అయిపోయిందని గూడ.
గంతే."

పుస్తకమంతా తిరగేసిన.
అది కోయది, కాల్చది,
దాని బలానికి పట్టీల అంకె లేదు.
రాసిన: జాము తలుపు.
కింద ధర గడిల పెన్ను పెట్టిన, తీసిన.
తేమకు ఎంత కోత, తాలుకు ఎంత తరుగు,
పదిహేనేండ్లసంది నోటిలెక్కనే చెప్పేటోన్ని.
ముల్లు ఎటూ ఒరగలే.

"తలుపు అవతల ఏమున్నదన్నా?" ఓదెలు అడిగిండు.
"పాచిక వెయ్యి" అన్న స్వరూపతోని.
వెయ్యలే.
ప్లైవుడ్ మీద తల ఆనించి
గుహ మీదనే, పాము సచ్చిన గడి మీదనే
నిద్రపోయింది.

మొగిలి లేచి ఫ్యాను రెండు మీద పెట్టిండు.
మేం నలుగురం గుసగుసగా
పాము కోరలు పంచుకున్నం.